వంటింటి గోడకు కన్నం

పోపులో ఎండుమిర్చి నల్లబడిందంటే హాల్లో టీవీ చూసేవాళ్లకూ దగ్గు తప్పదు. మిరపలోని క్యాప్సైసిన్ సన్నటి నూనె తుంపరలతో కలిసి గాల్లోకి లేచి, ముక్కులో, గొంతులో ఉన్న నాడుల కొసల్ని మండిస్తుంది. ఆ మంటను పసిగట్టే గ్రాహకాన్ని క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. దగ్గు తెప్పించే పొగ నయం, కనీసం ఉన్నట్టు తెలుస్తుంది. బాగా కాగిన నూనెలో వేపుళ్లు చేస్తున్నప్పుడు వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బహుశా క్యాన్సర్ కారకమన్న కోవలోకి చేర్చింది. గ్యాస్ మంట వదిలే నైట్రోజన్ డయాక్సైడ్ దీనికి అదనం.

చిమ్నీ కొనడానికి వెళ్లినవాళ్లు షాపులో అడిగే మొదటి ప్రశ్న, సక్షన్ ఎంత అని. గంటకు 1,200 ఘనపు మీటర్లని పెట్టె మీద పెద్దక్షరాలతో ఉంటుంది. పైపూ వంపులూ లేనప్పటి అంకె అది అనుకోవడమే క్షేమం. చిమ్నీ పనితనంలో సగం తేలేది షాపులో కాదు, గోడ దగ్గర.

పైపు సంగతే చూడండి. చాలా చిమ్నీల నోరు ఆరంగుళాలు. గోడలో పాత నాలుగంగుళాల రంధ్రం ఉందని బిగించే కుర్రాడు అక్కడ పైపును కుదించేస్తాడు. రెండంగుళాలేగా తగ్గిందని ఇంటివాళ్లూ ఊరుకుంటారు. ఆరంగుళాల గొట్టం వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు, నాలుగంగుళాల గొట్టానిది పన్నెండున్నర. అంటే దారి సగం కంటే ఎక్కువ మూసుకుపోయినట్టే. మోటారు హోరు పెరుగుతుంది, పొగ మాత్రం పొయ్యి మీదే తచ్చాడుతుంది. ప్రతి మలుపూ కొన్ని అడుగుల తిన్నని పైపంత అడ్డు. ముడతల అల్యూమినియం పైపును పూర్తిగా సాగదీసి, మిగిలింది కత్తిరించేయాలి. పనికొస్తుందని మడిచి అటక మీదకు తోస్తే ఆ మడతల్లో జిడ్డు పేరుకుంటుంది.

కాబట్టి పొయ్యి వెనకాలే బయటి గోడ ఉంటే అంతకంటే అదృష్టం లేదు. పొయ్యి మీద నుంచి చిమ్నీ అడుగుకు చాలా కంపెనీలు చెప్పే ఎత్తు 65 నుంచి 75 సెంటీమీటర్లు. ఆ లెక్కన పైపు గోడలోకి దూరే చోటు నేల నుంచి ఏడడుగుల దరిదాపుల్లో పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. మన ఇళ్లలో తలుపులు, కిటికీల మీద లింటెల్ పోసేదీ ఆ ఎత్తులోనే. అందులోని ఇనుప చువ్వల్ని తెంపకూడదు. రంధ్రం లింటెల్‌కు కిందో పైనో ఇటుకలోనే పడాలి. గుర్తు పెట్టేముందు కిటికీ పై అంచు నుంచి టేపు పట్టి కొలవడం రెండు నిమిషాల పని.

సుత్తీ ఉలీ పెట్టి కొడితే లోపల గుండ్రంగానే వస్తుంది కానీ, బయట ప్లాస్టరింగ్ పళ్లెమంత పెచ్చు ఊడుతుంది. కోర్ కటింగ్ మిషన్ ఖర్చు ఎక్కువైనా నయం. డైమండ్ బిట్ తిరుగుతుంటే నీళ్లు పోస్తూ ఉండాలి. ఎర్రటి ఇటుక బురద టైల్స్ మీదుగా గట్టు మీదకు కారుతుంది. తొమ్మిదంగుళాల గోడలోంచి ఏడంగుళాల వెడల్పు ముక్క ఒక్కటిగా ఊడితే దాదాపు పది కిలోలుంటుంది. అది బయటికి పడేటప్పుడు కింద ఎవరూ లేకుండా చూడ్డానికి ఒక మనిషిని నిలబెట్టాల్సిందే. రంధ్రం బయటివైపుకు కాస్త వాలుగా ఉంటే వాననీళ్లు లోపలికి రావు. పైపు చుట్టూ సందుల్ని సిమెంటుతో, సిలికాన్‌తో పూడ్చాలి.

హైదరాబాద్‌లో కొత్తగా లేస్తున్న టవర్లలో చాలావాటికి ఇటుక గోడలే ఉండవు. మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలు భవనం బరువు మోస్తాయి. వాటిని ఎక్కడపడితే అక్కడ తొలచడం కుదరదు. బిల్డర్ ముందే వదిలిన రంధ్రం ఎక్కడుందో చూసుకుని, పొయ్యి చోటు దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

చిమ్నీ బయటికి పంపినంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా. ఏసీ కోసం తలుపులూ కిటికీలూ బిగించిన ఫ్లాట్‌లో ఆ గాలి దొరక్క సక్షన్ పడిపోతుంది. యుటిలిటీలో గ్యాస్ గీజర్ ఉంటే ఇంకా ప్రమాదం. దాని గొట్టంలోంచి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్‌ను చిమ్నీ ఇంట్లోకి లాగవచ్చు. పొయ్యి మంట రెపరెపలాడకుండా, కాస్త దూరపు కిటికీ ఒకటి ఓరగా తీసి ఉంచడం మంచిది. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ల నిర్మాణ నియమావళి, ఇలా ఇంటి గాలితో మండే పరికరం ఉన్నచోట నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటి లాగే వంటింటి హుడ్‌కు బదులు గాలి వచ్చే ఏర్పాటు ఉండాలంటుంది. మన 1,200 సక్షన్ ఆ కొలతలో 700 పైమాటే. అక్కడ ఇల్లు కొనే తెలుగువాళ్లు చూసుకోవాల్సింది మరొకటుంది. పొయ్యి మీది మైక్రోవేవ్ హుడ్ గాలిని గోడ బయటికి పంపుతుందా, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుందా అన్నది. రెండో రకమైతే పోపు ఘాటు చాలావరకు ఇంట్లోనే తిరుగుతుంది.

బిగించాక పరీక్షకు అగరుబత్తి చాలు. వెలిగించి పొయ్యి అంచున పట్టుకుంటే పొగ చిమ్నీ వైపుకు వంగాలి. ఈలోగా ఇంకొకరు బయటికెళ్లి పైపు చివర బిగించిన మూత రెక్కలు విచ్చుకున్నాయో లేదో చూడాలి. చిమ్నీ ఆపగానే ఆ రెక్కలు వాలిపోతేనే పిచ్చుకలు, బల్లులు దూరవు. కొందరు దోమతెర లాంటి సన్నజాలీ కూడా బిగిస్తారు. అది జిడ్డు పట్టి కొన్నాళ్లకే మూసుకుపోతుంది. రెక్కలూ జిడ్డుతో అతుక్కుంటాయి కాబట్టి అప్పుడప్పుడూ సబ్బునీళ్లతో కడగాలి. అయిదో అంతస్తు గోడకు తాడు కట్టుకుని వేలాడే మనిషిని ప్రతిసారీ పిలవలేరు. చేయి అందే యుటిలిటీ బాల్కనీ వైపు రంధ్రం పెట్టించుకుంటే ఆ బాధ ఉండదు, అక్కడ బట్టలారేసే తీగను మాత్రం ఇంకో మూలకు మార్చుకోవాలి.