పల్నాటి పెరటికి తగిన చెట్లు

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు ముగిసినది మొదలు పల్నాట ఎండ ముదురనారంభించును. చైత్రము వచ్చునప్పటికి వేపలు పూయును, మామిళ్ళు పిందె పట్టును. పెరటిలో తామును ఒక పండ్లచెట్టో పూలమొక్కయో నాటవలెనను ముచ్చట ఇంటింట పుట్టు దినములివి. ముచ్చట మంచిదే. కాని వసంతమున తెచ్చి నాటిన మొక్కలలో పెక్కు రోహిణి కార్తె దాటకమునుపే మాడిపోవుచున్నవి. దీనికి మన చేతివాసిని నిందింపనక్కరలేదు. ఏ మొక్క నాటితిమి, ఎప్పుడు నాటితిమి అను రెండు ప్రశ్నలకు సమాధానము సరిగా చెప్పుకొన్నచో చాలును.

మంచు కురియు దేశములలో వసంతము నాటుకాలము. మంచు కరగి నేల మెత్తబడును, ముందు చల్లని వేసవి యుండును. మన వసంతమన్ననో వేసవికి వాకిలి. రాష్ట్రములో మిక్కిలి ఎండ కాసిన ఊళ్ళను చెప్పునపుడు గురజాల ప్రాంతపు రెంటచింతల పేరు తరచుగా వినబడుచుండుట మనకు తెలిసినదే. కావున మనకు వసంతము మొక్కలను ఎన్నుకొని, గోతులు త్రవ్వి సిద్ధపరచుకొను కాలము. నాటుట మృగశిర వెళ్ళి నాలుగు వానలు పడిన పిమ్మట.

ఇక నేల సంగతి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల ప్రాంతపు నాపరాళ్ళు చూచినవారికి ఈ నేల అడుగున ఏమున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. పెక్కుచోట్ల నల్లరేగడిలోను సున్నపుపాలు హెచ్చు. సున్నము హెచ్చిన నేలలో ఇనుము ఉన్నను మొక్క వేళ్ళకు అందదు. అప్పుడు లేతాకులు పసుపు రంగునకు తిరిగి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. ఇది తెగులు కాదు, ఆకలి. నిమ్మ, నూరువరహాలు ఈ ఆకలికి త్వరగా లోనగును.

నీటి మాటకు వచ్చినచో, నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ క్రింది పొలముల రూపు మారినది. కాని పొలమునకు కాలువ వచ్చినంత మాత్రమున పెరటికి నీరు వచ్చినట్లు కాదు. వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్ట ప్రాంతముల సంగతి చెప్పనేల? వేసవిలో మొక్కకు పోయు బిందె, ఇంటివారి వాడుకలోనుండి తీసిన బిందెయే. కావున ఎండను, సున్నమును ఓర్చి, మన బిందెతో పోటీపడని చెట్టే మన పెరటికి తగిన చెట్టు.

అట్టివానిలో మొదట చెప్పదగినది రేగు. నాటురేగు కాదు, ఉమ్రాన్, గోల వంటి అంటురేగు. ఇది వేసవిలో ఆకు రాల్చి నిద్రించును, నీరు అడుగదు. ఆ నిద్రలోనే, ఏప్రిల్, మే నెలలలో, కొమ్మలు కత్తిరింపవలెను. వానలకు క్రొత్త కొమ్మ వేసి, ఆ కొమ్మమీదనే పూచి, సంక్రాంతి నాటికి పండ్లిచ్చును. ముళ్ళుండును గనుక త్రోవకు ఎడముగా నాటుట మంచిది. అంటు కట్టిన చోటికి క్రింద వచ్చు చిగురులను ఎప్పటికప్పుడు తుంచివేయవలెను. లేనిచో అవి బలిసి, మంచిరేగు పోయి నాటురేగు మిగులును.

రెండవది సీతాఫలము. పేరు సీతమ్మదే యైనను దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. అయినను మన రాతిగుట్టలమీద ఇది స్వంత బిడ్డవలె పెరుగుచున్నది. ఇదియు ఎండ ముదురునప్పటికి ఆకు రాల్చును. ఆశ్వయుజ, కార్తికములలో పండును. తెలంగాణములోని బాలానగరు పేరుగల రకము ప్రసిద్ధము. మేక కూడ దీని ఆకు ముట్టదు గనుక కంచె లేని పెరటికి మేలు. గింజల పొడి మాత్రము కంటికి మిక్కిలి హాని. పేల కొరకు తలకు పట్టించు అలవాటున్నవారు దానిని మానుకొనవలెను.

ఏడాది పొడుగున పచ్చగా నుండి నీడ నిచ్చు చెట్టు కావలెనన్నచో సపోటాను మించినది లేదు. పాల మొక్కపై కట్టిన అంటు తెచ్చినచో మూడు నాలుగేండ్లకు కాపు మొదలగును. తొలి రెండు వేసవులు కాపాడినచో పిమ్మట తనను తాను కాపాడుకొనును. కాని ఇది విశాలముగా పెరుగు చెట్టు. స్థలము ఇరుకైనచోట జామ మేలు. లక్నో-49 రకము కాపున మంచిది. దానిమ్మ పూవునకు పూవు, పండునకు పండు. కాని ఒకనాడు ఎండబెట్టి ఒకనాడు ముంచెత్తినచో కాయ పగులును. పిందెలకు గుడ్డసంచి తొడిగినచో కాయతొలుచు పురుగు చేరదు. ఇంత శ్రద్ధకు తీరిక లేనివారు దీనిని మానుకొనుట మంచిది. నిమ్మ లేక గడవదనువారు ఆకు పసుపుబారినపుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులపై చల్లవలెను.

పూలమొక్కలలో కాగితపు పూల తీగకు సాటిలేదు. ఫ్రెంచి నావికుడు బూగన్విల్ పేరు మోయుచు బ్రెజిల్ నుండి వచ్చిన తీగ ఇది. మనము పూవనుకొను రంగురేకులు నిజమునకు ఆకులే. నడుమనున్న చిన్న తెల్లనిదే పూవు. నీరు హెచ్చినచో ఆకు వేయును, తగ్గినచో పూయును. మరచిపోయినవారికే ఎక్కువ పూలిచ్చు మొక్క! బిళ్ళగన్నేరు ఒకమారు నాటిన తానే విత్తు రాల్చి మరల మొలచును. నందివర్ధనము నీడను ఓర్చును. గుండుమల్లెకు కార్తికము దాటిన పిమ్మట నీరు మాన్పి, కొమ్మలు కత్తిరించి, పుష్యములో మరల తడి ఇచ్చినచో వేసవి సాయంకాలములు పరిమళించును.

వసంతములోనే నాటదగినది ఒకటున్నది: దేవగన్నేరు. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరువరకు వారము దినములు నీడనుంచి పాతినచో వేరూనును. తొందరపడి నీరు పోసినచో కుళ్ళును.

ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు ఎండకు జంకవు, సేద్యమక్కరలేదు. అయినను వానిని మేము సిఫారసు చేయము. ఆకు, పూవు, కాయ, బెరడు అన్నియు విషమే. పసిపిల్లలు, పశువులు తిరుగు పెరటిలో వానికి చోటీయరాదు.

ఇప్పుడు చేయవలసిన పని స్వల్పము. పెద్ద చెట్లకు మూడడుగుల గొయ్యి త్రవ్వి, పైమట్టి ఒక ప్రక్క, అడుగుమట్టి వేరొక ప్రక్క పోసి, వేసవియంతయు ఎండనీయవలెను. అడుగున సున్నపురాయి పలక తగిలినచో ఆ చోటు విడిచి వేరొకచోట త్రవ్వుడు. తొలకరికి పైమట్టిలో బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. పచ్చి ఎరువు చెదలను పిలుచును. రేగడి జిగురుగా నున్నపుడు గాక, పదును చూచి నాటవలెను. అంటు నేలకు పైననే యుండవలెను.

మొదటి వేసవిలో మొక్కకు పడమటి దిక్కున తాటాకు చాటు కట్టవలెను. మొదట ఎండుటాకు పరచవలెను గాని అది కాండమునకు తగులరాదు. చిన్న కుండ అడుగున చిల్లి చేసి గుడ్డవత్తి దూర్చి, మొక్క ప్రక్కన పాతి, రెండు మూడు దినములకొకమారు నింపినచో ఒక్క చుక్క వృథా కాదు. బియ్యము, కూరలు కడిగిన నీరు దీనికి చాలును. సబ్బు నీరు మాత్రము కూడదు. అది సున్నపు నేలకు క్షారమును జతచేయును.

అయిదు సెంట్ల పెరటికి రెండు పండ్లచెట్లు, నాలుగు పూలమొక్కలు చాలును. పది నాటి ఎనిమిదింటిని ఎండబెట్టుటకంటె, రెండు నాటి రెండింటి పండ్లు తినుట మేలు. ఈ వసంతమున గొయ్యి త్రవ్విన ఇంటివారు, నాలుగేండ్లలో తమ పెరటి పండును తమ పిల్లల చేతిలో పెట్టగలరు.