ఎద్దుమైలారం ఉక్కు ఈదుతుంది

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్ళకు సముద్రం దూరం. పెన్న, చిత్రావతి ఉన్నా ఏడాదిలో చాలా రోజులు ఇసుకే కనిపిస్తుంది. నేల మీద పరుగెత్తి, ఏరు అడ్డొస్తే ఆగకుండా నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ పోయే మిలటరీ బండి ఊసు మన వైపు పెద్దగా వినబడదు. కానీ ఆ బండిని తయారుచేసేది తెలుగు గడ్డ మీదే, సంగారెడ్డి దగ్గరి ఎద్దుమైలారంలో.

దాని పేరు సారథ్. మూలం సోవియట్ దేశపు బీఎంపీ. ఐరోపాలో కదన రంగమంతా నదులూ కాలువలే. యుద్ధమంటూ వస్తే శత్రువు ముందుగా కూల్చేది వంతెనల్నే. వంతెనతో పని లేకుండా సైనికుల్ని అవతలి ఒడ్డుకు చేర్చే బండి కావాలని సోవియట్ సైన్యం 1966లో బీఎంపీ-1ను చేర్చుకుంది. 1980లో 30 మిల్లీమీటర్ల ఫిరంగితో బీఎంపీ-2 వచ్చింది. దాన్ని మన దేశంలోనే తయారుచేయడానికి 1984లో ఎద్దుమైలారం కర్మాగారం మొదలైంది. 1987లో తొలి సారథ్ బయటికొచ్చింది.

బరువు 14 టన్నుల పైమాటే. మరి మునగదేం? ఆర్కిమెడిస్ చెప్పిన లెక్కే. 14 టన్నుల బండి తేలాలంటే 14 ఘనపు మీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. సారథ్ పొడవు 6.7 మీటర్లు, వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. లోపల పదిమంది కూర్చునేంత ఖాళీ ఉంది. కృష్ణలో పుట్టి తేలినట్టే, లోపలి ఆ ఖాళీయే దాన్ని తేలుస్తుంది. నీరు చొరబడకుండా తలుపులు బిగుసుకోవాలి, అంతే. అయినా చెమ్మలా ఊరే నీటిని తోడిపోయడానికి లోపల పంపులుంటాయి.

నీళ్ళలోకి దిగే ముందు బండి ముక్కు మీద మడిచి ఉన్న పలకను పైకి లేపుతారు. ఎదురొచ్చే నీరు ఇంజిను కప్పు మీదికి ఎక్కకుండా ఆ పలక అడ్డుకుంటుంది. పడవకున్నట్టు దీనికి పంకా లేదు. తిరిగే ట్రాకులే నీటిని వెనక్కి తోస్తాయి. ఇందులో ఒక చిక్కుంది. ట్రాకు కిందిభాగం నీటిని వెనక్కి నెడుతుంటే, పైభాగం అదే నీటిని ముందుకు లాగుతుంది. ఆ పైభాగాన్ని రేకుతో కప్పేసి ఆ నష్టాన్ని తగ్గించారు. మలుపు తిప్పాలంటే ఒక వైపు ట్రాకు వేగం తగ్గిస్తారు. రోడ్డు మీద గంటకు 65 కిలోమీటర్లు పోయే బండి నీళ్ళలో ఏడు కిలోమీటర్లే కదులుతుంది. అది మనం వడివడిగా నడిచే వేగం.

ఇంత తేలికకు మూల్యం ఉంది. కవచం మందం పెంచితే బండి మునుగుతుంది, పెంచకపోతే పెద్ద గుళ్ళకు తట్టుకోదు. ఆఫ్ఘనిస్తాన్‌లో రష్యన్లు అదనపు కవచం తొడిగిన బీఎంపీ-2 రకం ఈదడం మానేసింది. ఈత అవసరం అంతగా రాని ఆ కొండల్లో వాళ్ళు చేసింది సబబే. వాగులూ కాలువలూ ఉన్న మన సరిహద్దుల్లో మాత్రం ఈత వదులుకోవడం తప్పవుతుందని నా నమ్మకం.

ఇలాంటి బండ్లను సముద్రం మీద మోసుకెళ్ళే ఓడ కూడా మన విశాఖలోనే ఉంది. 1971లో అమెరికా నౌకాదళంలో చేరిన ట్రెంటన్‌ను 2007లో కొని జలాశ్వ అని పేరు పెట్టుకున్నాం. అది తన తొట్లలోకి నీళ్ళు నింపుకుని వెనక భాగాన్ని కావాలనే ముంచుతుంది. తలుపు తెరిస్తే సముద్రం లోపలికి వస్తుంది, లోపలున్న చిన్న పడవలు తేలి బయటికి పోతాయి. 2019 నవంబరులో అమెరికాతో కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాల్లో, విశాఖ, కాకినాడ తీరాల్లో ఈ ఓడ పాల్గొంది.

సైన్యం విశ్రాంతి ఇచ్చిన బీఎంపీలను కొన్నిచోట్ల ప్రదర్శనకు నిలుపుతుంటారు. ఎక్కడైనా కనబడితే ఫిరంగి దగ్గర ఫోటో దిగి వచ్చేయకండి. ముక్కు మీది పలకనూ, ట్రాకుల పైనున్న రేకు కప్పునూ పిల్లలకు చూపించి, అవెందుకున్నాయో చెప్పండి.