తొమ్మిదేళ్లూ నిండని సమాఖ్య!

జెండా ఉంది, సొంత డబ్బుంది, తపాలా బిళ్లలున్నాయి, కొత్తగా కట్టుకున్న రాజధానీ ఉంది. అయినా దక్షిణ అరేబియా సమాఖ్య తొమ్మిదేళ్లు కూడా నిలవలేదు!

ఏడెన్ రేవుని 1839లో ఈస్టిండియా కంపెనీ ఆక్రమించింది. 1932 దాకా దాన్ని పాలించింది బొంబాయి ప్రభుత్వమే. చుట్టుపక్కల సుల్తానులూ షేకులూ బ్రిటన్ రక్షణలో ఉండేవారు. నాసర్ అరబ్బు జాతీయవాదం ఊపందుకోవడంతో భయపడ్డ ఆరు సంస్థానాలు 1959 ఫిబ్రవరి 11న జట్టు కట్టాయి. తర్వాత మరికొన్ని చేరాయి. హైదరాబాద్ బార్కస్ అరబ్బుల పూర్వికుల గడ్డ హద్రమౌత్‌లోని సుల్తానులు మాత్రం దూరంగానే ఉండిపోయారు.

1963 జనవరిలో ఏడెన్‌నీ కలిపేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది. రేవు కార్మికులకు సుల్తానుల పెత్తనం గిట్టలేదు. అక్టోబరులో రాద్ఫాన్ కొండల్లో తిరుగుబాటు, డిసెంబరులో విమానాశ్రయంలో గ్రెనేడ్ దాడి... ఆ వెంటే ఎమర్జెన్సీ.

స్వాతంత్ర్యం ఇచ్చినా సైనిక స్థావరం ఉంచుతామన్న బ్రిటన్, 1966 ఫిబ్రవరిలో మాట మార్చింది. ఆ మాటనే నమ్ముకున్న సుల్తానుల కాళ్లకింద నేల కదిలిపోయింది. 1967లో సంస్థానాలు ఒక్కొక్కటిగా విప్లవకారుల వశమయ్యాయి. నవంబరు 30న దక్షిణ యెమెన్ పుట్టింది. అదీ 1990లో ఉత్తర యెమెన్‌తో కలిసిపోయింది.

సమాఖ్య తపాలా బిళ్లలు మాత్రం ఇప్పటికీ సేకరణకర్తల ఆల్బమ్‌లలో భద్రంగా ఉన్నాయి.