పరిశోధక విద్యార్థిని - గడువు

తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రము వంటి ఆర్ట్సు విషయములలో పిహెచ్.డి. చేయు విద్యార్థినులలో కొందరు, వివాహమో ప్రసవమో కాగానే, గడువు మించునను భయమున చదువు మానుకొనుచున్నారు. నిబంధనలు తెలిసినచో ఈ భయము చాలవరకు తొలగును.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో వెలువరించిన నిబంధనల ప్రకారము, ప్రవేశము పొందిన నాటినుండి కనీసము 3, గరిష్ఠముగా 6 సంవత్సరములు గడువు. పునర్నమోదుచే మరి 2 సంవత్సరములు లభింపవచ్చును. స్త్రీలకు ఇంకను 2 సంవత్సరములు ఇచ్చుటకు వీలున్నది. ప్రసూతికి, శిశుపోషణకు మొత్తము 240 దినముల వరకు సెలవు పొందవచ్చును.

అయితే ఇవి అడుగనిదే రావు. గడువు తీరకమునుపే దరఖాస్తు పెట్టి, నకలును భద్రపరచుకొనవలెను. ప్రతి సెమిస్టరునందును పరిశోధన సలహా సంఘము ఎదుట తన కృషిని నివేదింపవలెను. ఈ సంగతులు ఆమెతోపాటు ఇంటివారికిని తెలిసియుండుట మేలు.