ఫోన్ రేటు కాదు, ఏడాదికి ఎంత పడుతోందో చూడండి: 4 ఫోన్ల లెక్క

15 వేల ఫోన్ చవకా, 19 వేల ఫోన్ చవకా? 15 వేలదే అని ఎవరైనా చెప్తారు. కానీ ఆ 15 వేల ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు 3 ఏళ్లే, 19 వేల ఫోన్‌కి 6 ఏళ్లు అని తెలిస్తే? అప్పుడు జవాబు తారుమారు అవుతుంది.

సేల్ బ్యానర్లలో మనకి పెద్ద అక్షరాల్లో కనిపించేవి మూడే: ధర, కెమెరా మెగాపిక్సెల్స్, ఛార్జింగ్ వాట్స్. అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది స్పెక్ షీట్ అడుగున ఎక్కడో ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు, మనమే వెతుక్కోవాలి. ఈరోజు ఆ ఒక్క లైన్‌ని పైకి తెచ్చి, దాని పక్కన బ్యాటరీని పెట్టి లెక్క వేద్దాం.

ముందు లెక్క

నాలుగు రకాల బడ్జెట్ల నుంచి నాలుగు ఫోన్లు తీసుకున్నాను. ధరలన్నీ మన దేశంలో లాంచ్ అయినప్పటివి, ప్రతిదానిలో తక్కువ ధర వేరియంట్‌వి. ఇప్పటి రేట్లు వేరుగా ఉంటాయి, అది ఓకే. ఇక్కడ మనకి కావాల్సింది లెక్క వేసే పద్ధతి.

మోటో జీ64 5జీ: ఏప్రిల్ 2024 లాంచ్, రూ. 14,999. 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్ 1, సెక్యూరిటీ అప్‌డేట్లు 3 ఏళ్లు. ఏడాదికి రూ. 5,000.

గెలాక్సీ ఏ16 5జీ: అక్టోబర్ 2024 లాంచ్, రూ. 18,999. 5,000 ఎంఏహెచ్. ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు 6, సెక్యూరిటీ 6 ఏళ్లు. ఏడాదికి సుమారు రూ. 3,170.

వన్‌ప్లస్ నార్డ్ 4: జులై 2024 లాంచ్, రూ. 29,999. 5,500 ఎంఏహెచ్. ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు 4, సెక్యూరిటీ 6 ఏళ్లు. ఏడాదికి రూ. 5,000.

పిక్సెల్ 9ఏ: 2025 లాంచ్, రూ. 49,999. 5,100 ఎంఏహెచ్. ఆండ్రాయిడ్, సెక్యూరిటీ రెండూ 7 ఏళ్లు. ఏడాదికి సుమారు రూ. 7,140.

మొదటిదీ మూడోదీ ఒకసారి మళ్లీ చూడండి. ఒకదాని ధర ఇంకోదానికి డబుల్. ఏడాదికి పడే ఖర్చు మాత్రం ఒక్కటే! అంటే 15 వేల ఫోన్ కొన్నవాడు డబ్బు మిగిల్చానని అనుకుంటున్నాడు గానీ, సపోర్ట్ ఉన్నంతకాలమే లెక్కలోకి తీసుకుంటే 30 వేల ఫోన్ వాడే ఖర్చే పెడుతున్నాడు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ గడియారం మీరు కొన్న రోజు నుంచి తిరగదు, ఫోన్ లాంచ్ అయిన రోజు నుంచి తిరుగుతుంది. 3 ఏళ్ల సపోర్ట్ ఉన్న 15 వేల ఫోన్ ఏడాది తర్వాత సేల్‌లో 12 వేలకి దొరికిందనుకోండి. మిగిలింది 2 ఏళ్లే, కాబట్టి ఏడాదికి 6 వేలు పడింది. డిస్కౌంట్‌లో కొన్నా ఖర్చు పెరిగింది.

అప్‌డేట్ ఆగితే ఏమవుతుంది?

మర్నాడు పొద్దున్నే ఏమీ అవదు. ఫోన్ వెలుగుతుంది, వాట్సాప్ పనిచేస్తుంది, యూపీఐ పేమెంట్ వెళ్తుంది. అందుకే చాలామంది పట్టించుకోరు.

అసలు విషయం ఇది. ఆండ్రాయిడ్‌లో దొరికిన లోపాల జాబితాని గూగుల్ సెక్యూరిటీ బులెటిన్ రూపంలో బయట పెడుతుంది. ప్యాచ్ వచ్చిన ఫోన్లకి ఆ రంధ్రం మూసుకుపోతుంది. ప్యాచ్ రాని ఫోన్‌లో రంధ్రం అలాగే ఉంటుంది, పైగా అది ఎక్కడుందో ఇప్పుడు లోకమంతా తెలుసు. సపోర్ట్ అయిపోయిన ఫోన్‌కి ప్రతి కొత్త బులెటిన్‌తో ఈ అప్పు పెరుగుతూ పోతుంది.

ఆండ్రాయిడ్ వెర్షన్ సంగతి వేరు. అది పాతబడితే ఒక్కో యాప్ నెమ్మదిగా చెయ్యి వదిలేస్తుంది. ఉదాహరణకి ఆండ్రాయిడ్ 8, 9 వెర్షన్లకి క్రోమ్ 138తోనే ఆఖరు. 2025లో వచ్చిన క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 అయినా ఉండాలి.

మరి కంపెనీలు ఎందుకు ఆపేస్తాయి? ఖర్చు ఒక కారణం. ఇంకో కారణం చిప్. ప్రాసెసర్ తయారుచేసిన కంపెనీ ఆ చిప్‌కి డ్రైవర్లు, కెర్నల్ కోడ్ ఇవ్వడం మానేస్తే ఫోన్ కంపెనీ ఒక్కటే లాక్కురావడం కష్టం. ఈ ముడి విప్పడానికే గూగుల్ 2017లో ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చి, ఆండ్రాయిడ్‌ని చిప్ కోడ్ నుంచి విడదీసింది. తర్వాత ఆండ్రాయిడ్ 10తో మెయిన్‌లైన్ వచ్చింది. దీనివల్ల సిస్టమ్‌లో కొన్ని భాగాలకి ప్లే స్టోర్ దారిలోనే అప్‌డేట్లు వస్తాయి. కెర్నల్, చిప్ డ్రైవర్లలోని లోపాలు మాత్రం అలా పోవు. వాటికి ఫోన్ కంపెనీ ప్యాచే దిక్కు.

ఇక బ్యాటరీ

ఆరేళ్ల అప్‌డేట్లు సరే, ఆరేళ్లు బ్యాటరీ ఉంటుందా? ఉండదు. ఇది ముందే తెలుసుకుని కొనాలి.

ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ అవదు. మొత్తం 100 శాతం వాడకం పూర్తయితే ఒక సైకిల్. రోజుకి 80 శాతం వాడతామనుకుంటే ఏడాదికి సుమారు 290 సైకిల్స్. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమలవుతున్న రూల్ ప్రకారం, ఫోన్ బ్యాటరీ 800 సైకిల్స్ తర్వాత కూడా కనీసం 80 శాతం కెపాసిటీ నిలుపుకోవాలి. మన వాడకంలో 800 సైకిల్స్ అంటే మూడేళ్లు కూడా నిండవు. ఐఫోన్ 15 నుంచి యాపిల్ చెప్పే లెక్క 1,000 సైకిల్స్, అంటే మూడున్నరేళ్లు.

పిక్సెల్ 9ఏ అయితే ఈ విషయాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టేసింది. 200 సైకిల్స్ దాటాక బ్యాటరీ గరిష్ఠ వోల్టేజ్‌ని 1,000 సైకిల్స్ వరకు మెట్టు మెట్టుగా తగ్గిస్తూ వస్తుంది. దీన్ని మనం ఆఫ్ చేయలేం.

మోటో జీ64 గట్టి పాయింట్ ఇక్కడే ఉంది. 6,000 ఎంఏహెచ్‌లో 80 శాతం అంటే 4,800. అరిగిపోయాక కూడా కొత్త 5,000 బ్యాటరీకి దాదాపు సమానం. ఏ16 బ్యాటరీ అరిగితే 4,000కి వచ్చేస్తుంది, సాయంత్రానికల్లా ఛార్జర్ వెతుక్కోవాలి. ఈ నాలుగింట్లో ఎక్కువకాలం తట్టుకునే బ్యాటరీ ఉన్న ఫోన్‌కే అందరికంటే ముందు అప్‌డేట్లు ఆగిపోవడం విచిత్రం.

కాబట్టి 6, 7 ఏళ్ల ఫోన్‌కి ఒక బ్యాటరీ మార్పు ఖర్చు ముందే కలుపుకోండి. సర్వీస్ సెంటర్‌లో 3 వేలు అవుతుందనుకుందాం. ఏ16కి 22 వేలు, ఆరేళ్లకి భాగిస్తే ఏడాదికి సుమారు 3,670. అదే ఆరేళ్లలో 15 వేల ఫోన్లు రెండు కొంటే 30 వేలు. తేడా 8 వేలు.

మన ఎండల సంగతి కూడా చెప్పుకోవాలి. ఐఫోన్ వాడటానికి అనువైన బయటి ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని యాపిల్ చెప్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మిట్టమధ్యాహ్నం ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటాం. బైక్ హోల్డర్‌లో ఫోన్ పెట్టి, మ్యాప్స్ ఆన్ చేసి, పవర్ బ్యాంక్ తగిలించి తిరిగేవాళ్ల బ్యాటరీ పైన చెప్పిన లెక్కల కంటే ముందే అరుగుతుంది. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఆప్షన్ ఉంటే వాడుకోండి.

మనం వదిలేసిన ఫోన్ ఎటు వెళ్తుంది?

ఈ లెక్క నాకు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెప్తాను. "నేను రెండేళ్లకే ఫోన్ మార్చేస్తా, ఆరేళ్ల అప్‌డేట్లు నాకెందుకు?" అని ఆఫీసులో ఫ్రెండ్స్ అంటుంటారు. నిజమే, మనం మారుస్తాం. కానీ మన ఇళ్లలో పాత ఫోన్ చెత్తలోకి పోదు. అమ్మకో నాన్నకో తమ్ముడికో వెళ్తుంది.

మా ఇంట్లోనూ అంతే. నేను మూడేళ్లు వాడిన ఫోన్ ఒంగోలులో అమ్మ దగ్గర ఉంది. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, చీటీ డబ్బులు, నాన్న పెన్షన్ పడే అకౌంట్ మెసేజ్‌లు అన్నీ అందులోనే. పోయిన పండక్కి వెళ్లినప్పుడు సెట్టింగ్స్ తెరిస్తే చివరి సెక్యూరిటీ ప్యాచ్ 14 నెలల కిందటిది. కొత్త ప్యాచ్‌లు ఉన్న ఫోన్ నా జేబులో ఉంది. ఏ లింక్ నొక్కాలో ఏది నొక్కకూడదో నాకు తెలుసు. అమ్మకి అంతగా తెలియదు. రక్షణ ఎక్కువ కావాల్సిన మనిషి చేతిలో రక్షణ అయిపోయిన ఫోన్ ఉందన్నమాట.

ప్యాచ్ ఉంటే అన్ని మోసాలూ ఆగుతాయని కాదు. "చలాన్" పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ని మనమే ఇన్‌స్టాల్ చేసి పర్మిషన్లు ఇచ్చేస్తే ఏ అప్‌డేటూ కాపాడదు. అది కూర్చోబెట్టి చెప్పాల్సిందే. కానీ తాళం వేయడం నేర్పించే ముందు తలుపు అయినా గట్టిగా ఉండాలి కదా.

అందుకే ఏళ్లు లెక్కపెట్టేటప్పుడు మీరు వాడే రెండేళ్లే కాదు, ఇంట్లో ఆ ఫోన్ బతికే మొత్తం ఏళ్లు లెక్కపెట్టండి.

మరి ఫోన్ స్లో అయిపోతే?

ఇది న్యాయమైన ప్రశ్న. 2024లో వన్‌ప్లస్ వాళ్లే ఈ వాదన తెచ్చారు. ఫోన్‌ని శాండ్‌విచ్‌తో పోల్చి, పైన బ్రెడ్ లాంటి వాడకం అనుభవం పాడైపోయాక లోపలి ఫిల్లింగ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏడేళ్లు బాగున్నా ఉపయోగం ఏంటన్నారు. అందులో నిజముంది. ఏ16లో ఉన్న డైమెన్సిటీ 6300 ఇప్పటికే మామూలు చిప్. 2030లో దాని మీద బీజీఎంఐ ఆడదామనుకుంటే నిరాశే. 25 వాట్స్ ఛార్జింగ్ కూడా నెమ్మదే, ఛార్జర్ బాక్స్‌లో రాదు. కానీ కాల్స్, యూట్యూబ్, యూపీఐకి అది చాలు.

నా సలహా ఇది. గేమింగ్ కావాలి, రెండేళ్లలో ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తాను అనేవాళ్లు ఏళ్లు చూడకండి, చిప్ చూడండి. పనికీ సరదాకీ ఒకే ఫోన్, నాలుగేళ్లు లాగాలి అనేవాళ్లకి నార్డ్ 4 తరహా ఫోన్ సరిపోతుంది. కొని ఇంట్లోవాళ్లకి ఇవ్వాలంటే ఏ16 లాంటిదే తీసుకోండి. పిక్సెల్ 9ఏ మీద పెట్టే డబ్బు న్యాయం కావాలంటే దాన్ని కనీసం ఐదేళ్లు వాడాలి. రెండేళ్లకే మార్చేవాళ్లకి అది ఖరీదైన సరదా.

కొనే ముందు మూడు పనులు చేయండి. లాంచ్ తేదీ చూసి సపోర్ట్ ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో లెక్కపెట్టండి. ఆ మోడల్ బ్యాటరీ మార్పు ఎంతో, మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కనుక్కోండి. రెండూ కలిపి ఏడాదికి ఎంత పడిందో రాసుకోండి.

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఒకసారి చూడండి. ఏడాది దాటి ఉంటే, వచ్చే సేల్‌లో కొత్త ఫోన్ ఎవరికి కొనాలో కాస్త ఆలోచించండి.