పీణ్యలో రెండు తీరాల భోజనం

బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో లేత్ మెషిన్ల హోరు తప్ప అలల హోరు వినిపించదు. నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో నాకదే బెంగ. ఇప్పుడు లేదు. షిఫ్టు దిగి నాలుగడుగులు వేస్తే ఒకచోట ఆంధ్రా మెస్, ఇంకోచోట మంగళూరు హోటల్.

ఎక్కడ తినాలో నేను బోర్డు చూసి కాదు, క్యాలెండర్ చూసి తేల్చుకుంటాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మంగళూరు వాళ్ల దగ్గరికే. పులియబెట్టని బియ్యప్పిండితో పలచగా పోసిన నీరు దోసె, రవ్వ అద్ది వేయించిన వంజరం. దాన్ని వాళ్లు అంజల్ అంటారు. కూరలో కొబ్బరి ఎక్కువ. మన నాలుకకు కారం చాలదు, అంతే.

కర్ణాటక తీరంలో నిషేధం జూన్, జూలై. జూన్ మధ్య నుంచి మన మెస్ వంతు: మామిడికాయ వేసిన చేపల పులుసు, అదీ రాత్రి వండి మర్నాడు వడ్డిస్తేనే.

జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాల మరబోట్లూ ఒడ్డునే ఉంటాయి. అప్పుడు వంజరం తాజాదని ఒట్టేసినా నమ్మకండి. చెరువు బొచ్చె ఉందేమో అడగండి.