ఐడన్ బిషప్పు

ఇంగ్లండు ఉత్తరభాగమందలి నార్తంబ్రియాకు అయోనా మఠమునుండి వెళ్లిన తొలి బోధకుడు కాఠిన్యముచే జనులను మెప్పింపలేక మరలిపోయెను. పసిబిడ్డకు ముందు పాలే పట్టవలెనని పలికిన ఐడన్ క్రీ. శ. 635లో బిషప్పుగా వచ్చెను. ఆయనకు ఆంగ్లభాష చక్కగా రాకుండుటచే ఆస్వాల్డు రాజే తర్జుమా చేసెడివాడు. ఐడన్ లిండిస్‌ఫార్న్ ద్వీపమున మఠము నెలకొల్పి, కాలినడకనే పల్లెలు తిరిగెను. ధనికులిచ్చిన ద్రవ్యముతో బానిసలను విడిపించెను.

డైరా సీమ నేలిన ఆస్విన్ రాజు ఏఱులు దాటుటకై మేలుజాతి గుఱ్ఱము నొసగగా, దానిని జీనుతోకూడ యాచకున కిచ్చివేసెను. రాజు ఆక్షేపింపగా, గుఱ్ఱపుపిల్ల దేవుని బిడ్డకంటె ఎక్కువయా యని యడిగెను. రాజు కత్తి విప్పి పాదములపై వ్రాలెను.

651లో ఐడన్ పరమపదించెను. ఈస్టరు పండుగదినపు గణనలో ఆయనను తప్పుపట్టిన చరిత్రకారుడు బీడ్ సయితము ఆయన నడవడిని మెచ్చెను. చెప్పినట్లు నడచుటయే ఐడన్ బోధకు బలము.